మ్యాపులో పచ్చగా ఉన్న కాలనీ

కాలనీ, మందుల షాపు
వేసవి మొదట్లో

మరదలు పిల్లకు,

ఇక్కడ సిగ్నల్ తప్ప అందరం క్షేమం. ఫోన్ల కంపెనీలో కూర్చున్నదానివి, నీ క్షేమానికేం లోటు ఉంటుందిలే.

ఫోన్ల కంపెనీలో ప్లానింగు ఇంజినీరుగా ఉన్న ఆడపడుచుకు కాగితం మీద కలంతో ఉత్తరం రాసే వదిన ఎక్కడైనా ఉంటుందా అని నవ్వుకుంటున్నావేమో. నవ్వుకో. ఆ గతి పట్టించింది మీ కంపెనీయే.

మా కాలనీ మొత్తానికి సిగ్నల్ అందే చోటు ఒక్కటే. నీళ్ల ట్యాంకు ఇనప మెట్లు. సగం దాకా ఎక్కితే అవతలివాళ్ల మాట మనకు వినిపిస్తుంది. ఇంకా పైకెక్కితే మన మాట వాళ్లకు వినిపిస్తుంది. సాయంత్రమైతే చాలు, జనం మెట్టుకొకరు చొప్పున నిలబడతారు. ఒకావిడ అల్లుణ్ణి దులిపేస్తుంటుంది. ఆమె నెత్తిమీది మెట్టుపై నిలబడి ఒకాయన కడుపునొప్పితో లేవలేకపోతున్నానని పై అధికారికి చెబుతుంటాడు. ట్యాంకు ఎదురుగానే నా మందుల షాపు. చీటీ చూడకుండానే ఎవరికి ఏ జబ్బుందో, ఎవరికి లేదో నాకు తెలిసిపోతోంది.

అందరిలోకీ పై మెట్టు టైలరమ్మది. భర్త ఓడల్లో వంటవాడు. ఓడ ఏ రేవుకు ఎప్పుడు చేరుతుందో ముందే చెప్పి, ఆ వేళకు ఫోన్ చేస్తాడు. ఆమె కుట్టు మిషను వదిలేసి పరుగెత్తుకొచ్చి, కొసదాకా ఎక్కి, "బాగున్నాను, నేను బాగున్నాను" అని మాత్రం అంటుంది. కింద అంతమంది చెవులు రిక్కించుకుని ఉంటే అంతకు మించి ఏమంటుంది పాపం.

మొన్న నేను మెట్ల మీద ఉండగా నువ్వు ఫోన్ చేసి, "అన్నయ్య ఎలా ఉన్నాడు వదినా" అన్నావు. బాగున్నాడన్నాను. నిజం చెప్పే వీలుంటే కదా. మీ అన్నయ్య కాలనీ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. డ్రైవింగ్ స్కూలు పెట్టి ఇన్నేళ్లుగా అందరికీ బ్రేకు తొక్కడం నేర్పిన మనిషి, ఇప్పుడు మైకు దొరికితే ఎక్కడ ఆపాలో తెలియని స్థితికి వచ్చాడు. ఈ మాట మెట్లెక్కి చెప్పగలనా?

మేం వచ్చినప్పుడు ఇక్కడ ఇళ్లకన్నా పాములే ఎక్కువ. ఇప్పుడు మూడంతస్తుల మేడలు, స్కూలు, దంతవైద్యుడు, ఒకరి మొహం ఒకరు చూసుకోని రెండు బేకరీలు. ఇంకా కడుతూనే ఉన్నారు. ఇక్కడ మనుషులున్నారన్న సంగతి మీ ఆఫీసులో ఎవరికైనా తెలిస్తే కొంచెం చెప్పు.

వదిన


నగరం, ప్లానింగు విభాగం, కిటికీ లేని గది

వదినకు,

నీ ఉత్తరం ఆఫీసు అడ్రసుకే పంపావు. ఫోన్ల కంపెనీకి చేత్తో రాసిన ఉత్తరం రావడం టపా పంచే అతను ఎప్పుడూ చూడలేదట. కోర్టు నోటీసనుకుని నాతో సంతకం పెట్టించుకున్నాడు.

మీకు సిగ్నల్ లేదనడం శుద్ధ అబద్ధం. నా కంప్యూటరులో మీ కాలనీ పచ్చగా నిగనిగలాడుతోంది. పచ్చ అంటే సిగ్నల్ నిండుగా ఉన్నట్టు, ఎరుపు అంటే లేనట్టు. మా విభాగం పెద్దాయనకు పచ్చరంగంటే ప్రాణం. ఎక్కడైనా ఎరుపు కనిపిస్తే టవర్ కట్టించే అలవాటు ఆయనకు లేదు. ఎంత తక్కువ సిగ్నల్‌ని పచ్చ అనవచ్చో ఆ కొలతను కాస్త కిందికి దింపిస్తాడు. దేశం సస్యశ్యామలమవుతుంది.

అసలు సంగతేమిటంటే, మా మ్యాపులో మీ కాలనీ ఉన్నచోట ఖాళీ పొలం ఉంది. హైవే పక్క టవర్ నుంచి తరంగాలు ఆ పొలం మీదుగా అడ్డూ ఆపూ లేకుండా వచ్చేస్తాయని లెక్క. మధ్యలో మీరు మేడలు కట్టుకున్నారని తరంగాలకు తెలిసింది కానీ మ్యాపుకు తెలియలేదు. నీ ఉత్తరం చూశాక కొలిచే మనుషులను పంపాను. వాళ్లు మీటర్లు పట్టుకుని మీ వీధులన్నీ తిరిగి, ఎక్కడా సిగ్నల్ లేదని నాకు చెప్పడానికి చివరికి మీ ట్యాంకు మెట్లే ఎక్కారు.

మూడు చోట్లు చూశాం. ట్యాంకు మీద టవర్ పెడదామంటే, అది నీళ్ల బరువే మోయలేకపోతోందట. బజారు మేడ మీద పెడదామంటే ఆ మేడ కట్టినాయనకే దాని మీద నమ్మకం లేదు. ఇక మిగిలింది స్కూలు వెనక మునిసిపాలిటీ మైదానం. అక్కడ పెడితే ఇప్పుడున్న ఇళ్లకే కాదు, ఇకపైన కట్టబోయే వాటికీ సరిపోతుంది. ఆ మైదానం మూలనే రాసి పెట్టాను.

ఇంకో తొందర ఉంది. టవర్ ఒక్కటే నిలబెడితే చాలదు. హైవే నుంచి దానికి భూమిలో కేబుల్ రావాలి. కేబుల్ లేని టవర్ నోరు తెరిచి ఏమీ మాట్లాడని మనిషిలాంటిది. మీ పెద్ద వీధికి సిమెంటు రోడ్డు వేస్తున్నారు కదా. వేశాక కొన్నేళ్ల దాకా తవ్వనివ్వరు. రోడ్డు పడకముందే కింద ఖాళీ పైపులు వేసి పెట్టుకుంటే కేబుల్ ఎప్పుడైనా లాగొచ్చు. వేయకపోతే మీ పిల్లలు కూడా పెద్దయ్యాక ఆ మెట్లే ఎక్కుతారు.

పెద్దాయన ఫైలు చూసి, "ఆ కాలనీలో మీవాళ్లెవరైనా ఉన్నారా అమ్మా?" అన్నాడు.

"అన్నయ్యా వదినా ఉన్నారు సార్."

"అదీ సంగతి" అన్నాడు. ఏది సంగతో చెప్పలేదు. సంతకం మాత్రం పెట్టాడు. ఇక మీ కాలనీ వాళ్లు సరేనంటే చాలు. అన్నయ్య అధ్యక్షుడన్నావు కదా, ఆ దిగుల్లేదు.

నీ మరదలు


కాలనీ, మందుల షాపు
ఎండలు ముదిరాక

మరదలు పిల్లకు,

నీ టవర్ గురించి స్కూల్లో మీటింగు పెట్టారు. పెళ్లికి కూడా అంతమంది రారు.

టవర్ కావాలా వద్దా అని అడిగితే కావాలని చేతులన్నీ లేచాయి. కొందరు రెండేసి ఎత్తారు. ఎక్కడ పెట్టాలని అడిగేసరికి ఆ చేతులన్నీ జేబుల్లోకి పోయాయి.

బేకరీ ఆయన లేచి, "మా ఇంటికి దూరంగా ఎక్కడైనా పర్లేదండీ, నాకు పట్టింపు లేదు" అన్నాడు. ఆయన విశాల హృదయానికి చప్పట్లు కొట్టారు. రెండో బేకరీ ఆయన అదే మాట ఇంకాస్త గట్టిగా అన్నాడు. వెనక వరుసలో ఒక పెద్దావిడ, "పైకి కనబడకుండా కట్టే రకాలు రాలేదా ఇంకా?" అని అడిగింది.

మైదానం మూల అని నువ్వు రాసిన చోటు చదివాక, ఒక పెద్దమనిషి మైకందుకున్నాడు. టవర్‌లోంచి వచ్చే వేడికి పిట్టలు బతకవట. వేరే ఏదో ఊళ్లో టవర్ మీద పిట్ట గూడు కట్టుకుంటే, అది పెట్టిన గుడ్డు పెట్టినప్పటికే ఉడికిపోయి ఉందట. "పిట్ట సంగతే అలా ఉంటే స్కూలు పిల్లల సంగతేంటి? ఆలోచించండి" అన్నాడు. ఆ గుడ్డును ఎవరు వొలిచి చూశారని అడిగే నాథుడు లేడు. పక్కావిడ నా చెయ్యి పట్టుకుని, "నిజమేనంటావా? నువ్వు మందులమ్మేదానివి, నీకు తెలుసు కదా" అంది. నాకు తెలిసిందల్లా మర్నాడు మా షాపులో తలనొప్పి మాత్రలు బాగా అమ్ముడుపోయాయని.

టవర్ తప్పకుండా రావాలి, కాలనీలో మాత్రం ఉండకూడదు అని ఏకగ్రీవంగా తీర్మానించారు. దాన్ని మీకు చెప్పడానికి ఆరుగురు పెద్దలు నగరం వస్తున్నారు. వాళ్లు వెళ్లాక నాకు రాయి. నువ్వు ఎవరినీ ఏమీ అనకు. నీ ఆరోగ్యం జాగ్రత్త.

వదిన


నగరం, ప్లానింగు విభాగం

వదినగారికి,

ఆరోగ్యం బాగానే ఉంది. మీ ఆయన వచ్చి చూసి వెళ్లారు.

"ఒక పెద్దమనిషి" అని రాశావు. ఎంత ముచ్చటగా రాశావు. ఆ పెద్దమనిషి నడక, గొంతు, మాట్లాడేటప్పుడు స్టీరింగు తిప్పినట్టు చేతులు తిప్పడం, అన్నీ మానేసి పిట్ట గుడ్డు మాత్రం రాశావు. ఆ తలుపు తెరుచుకుని ఆరుగురు లోపలికొస్తే ముందు నిలబడ్డ మనిషిని చూసి, నన్ను చూడ్డానికే వచ్చాడనుకుని "రా అన్నయ్యా" అని కుర్చీ లాగాను, వదినా. అందరి ముందూ.

కూర్చున్నాడు. నా మొహం చూడలేదు. బల్ల మీది కాగితాల వైపు చూస్తూ, "మేడమ్, మా కాలనీవాసుల భయాందోళనలు మీ దృష్టికి తేవడానికి వచ్చాం" అన్నాడు. నాకు సైకిలు నేర్పిన మనిషి. నేను పడితే మోకాలికి ఉమ్ము రాసి "ఏం కాలేదు లే" అన్న మనిషి. నన్ను మేడమ్ అంటున్నాడు.

"ఏం భయాలండీ?" అన్నాను. నాకూ వచ్చు ఆ భాష.

గుడ్డు కథ మళ్లీ చెప్పాడు. ఈసారి గుడ్డు ఉడకడం దాటి వేపుడైంది. మా పెద్దాయన పరవశించిపోయాడు. టవర్ కట్టకుండా ఉండడానికి ఇంత చక్కటి కారణం ఆయనకు ఇన్నేళ్ల ఉద్యోగంలో దొరకలేదు. "ప్రజాభిప్రాయాన్ని గౌరవించాలమ్మా" అని నాకు హితబోధ చేసి ఫైలు పక్కన పడేశాడు. మీ టవర్‌ని ఇంకా ఎవరూ ఇళ్లు కట్టని ఒక వెంచరుకు ఇచ్చేశాడు. అక్కడ అభ్యంతరం చెప్పడానికి మనుషులు లేరు కదా. ఫోన్ చేయడానికీ లేరు, అది వేరే విషయం.

మీ ఆయన వెళ్లేటప్పుడు "థాంక్యూ మేడమ్" అన్నారు. కాఫీ కూడా తాగలేదు.

నువ్వు ముందే ఒక్క ముక్క రాసి ఉంటే, కనీసం కుర్చీ లాగేదాన్ని కాదు.

మరదలు


కాలనీ, మందుల షాపు
మొదటి వానల తర్వాత

మరదలు పిల్లకు,

కోప్పడ్డావు. పడాల్సిందే. గారు అని కూడా రాశావు. దానికి మాత్రం నా దగ్గర మందు లేదు.

అక్కడ మైకులో మాట్లాడింది నా మొగుడని రాయడానికి చెయ్యి రాలేదే. సంసారం అలా చేస్తుంది మనిషిని. నీకు తెలియనిది ఇంకోటుంది, అదీ రాసేస్తున్నాను. ఆ మైదానంలోనే మీ అన్నయ్య డ్రైవింగ్ నేర్పుతాడు. మునిసిపాలిటీ వాళ్లను అడిగి వాడుకుంటున్నాడు. అక్కడ తప్ప కారు ఎనిమిది ఆకారంలో తిప్పడానికి ఈ చుట్టుపక్కల జాగా లేదు. టవర్ వస్తే ఆ మూల పోతుంది, చుట్టూ కంచె వస్తుంది. ఆయన బెంగ అది. పిట్టల మీద ఆయనకు ఎప్పుడూ అంత ప్రేమ లేదు. మా బాల్కనీలో పావురాలను చీపురుతో తరుముతాడు.

ఇప్పుడు అసలు సంగతి. టైలరమ్మ మెట్ల మీద నుంచి పడిపోయింది.

వాన వెలిసింది. మెట్లు ఇంకా తడిగా ఉన్నాయి. ఓడ రేవుకు చేరే వేళైందని ఆమె ఎప్పటిలాగే పైదాకా ఎక్కింది. ఆనుకున్న కమ్మీ తుప్పు పట్టి ఉంది, ఊడి వచ్చేసింది. పై మెట్టూ వంగిపోయింది. నేను షాపు కౌంటరు దగ్గరి నుంచి చూస్తూనే ఉన్నాను. ఆ చప్పుడు ఇంకా నా చెవుల్లోంచి పోలేదు.

తొడ ఎముక విరిగింది. కదిపితే కేక పెడుతోంది. అందరూ "అంబులెన్సుకి ఫోన్ చేయండి, ఫోన్ చేయండి" అంటున్నారు. అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. చేయాలంటే ఎక్కాల్సింది ఆ మెట్లే. ఎవరూ ఎక్కలేదు. నేనూ ఎక్కలేదు. ఆమె తల నా ఒళ్లో ఉంది అని చెప్పుకోవచ్చు, కానీ లేకపోయినా ఎక్కేదాన్నో లేదో.

మీ అన్నయ్య ఎక్కాడు. ఆయనకు ఎత్తంటే భయమని నాకన్నా నీకే బాగా తెలుసు. మా ఇంట్లో బల్బు మార్చాలన్నా నేనే స్టూలెక్కాలి. గోడ వైపు మొహం పెట్టుకుని, రెండు చేతులతో మెట్లు పట్టుకుని, చిన్నపిల్లాడిలా ఎక్కాడు. కిందికి ఆయన గొంతు వినిపిస్తూనే ఉంది.

"కాలనీ అండీ. హైవే దాటాక. లేదండీ, ఉంది. పొలం కాదు."

కాసేపు ఆగి, "సరే తల్లీ, పొలమే. పొలంలో మనిషి పడిపోయింది. బండి పంపించు" అన్నాడు. అప్పుడు లైను తెగిపోయింది.

అలాంటి పొలానికి అంబులెన్సు రాదని ఆయనకు అర్థమైంది. దిగొచ్చి, షాపు తలుపు చెక్క ఊడబీకి దాని మీద ఆమెను పడుకోబెట్టించి, డ్రైవింగ్ స్కూలు కారులో వెనక సీటు మడిచి ఎక్కించాడు. నేనూ ఎక్కాను. ఎదుటివాళ్ల పక్కన కూర్చుని "నెమ్మది, నెమ్మది" అనడమే ఉద్యోగంగా బతికిన మనిషి ఆ రోజు నడిపిన తీరు నేనెప్పుడూ చూడలేదు. ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. నడుస్తుందన్నారు.

ఆమె ఫోన్ ఆ వంగిన పై మెట్టులోనే ఇరుక్కుపోయింది. మర్నాడు కూడా మోగుతూనే ఉంది. కింద నిలబడి అందరం వింటున్నాం, తీయడానికి ఎవరికీ దారి లేదు.

మీ అన్నయ్య తిరిగొచ్చి షాపు తలుపు చెక్క మళ్లీ బిగించాడు. తెల్లారగానే సంఘం తరఫున తీర్మానం రాశాడు. మనిషి మారాడనుకుంటావేమో, అందుకే చెబుతున్నాను. ట్యాంకు మెట్లకు కొత్త కమ్మీ వేయించాలని రాశాడు.

వదిన


నగరం, ప్లానింగు విభాగం

వదినా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ మోగుతున్న ఫోన్ దగ్గర ఆగిపోయాను.

ఫైలు ఆగింది కానీ మీ రోడ్డు ఆగలేదు. వాన తెరిపివ్వగానే సిమెంటు పోస్తారని తెలిసింది. రోడ్డు తవ్వి ఉన్నచోట ముందుజాగ్రత్తగా పైపులు వేయించే అధికారం నా హోదాకు ఉంది. వాటిని ఎక్కడ వేయాలో పెద్దాయనను అడగాలన్న మర్యాద కూడా ఉంది. అధికారం వాడుకున్నాను, మర్యాద మరిచిపోయాను. వేరే పనిలో మిగిలిన పైపులు లారీలో వేయించుకుని వచ్చాను. మీ ఇంటి ముందు నుంచే వెళ్లాయి. బురదలో నిలబడి హైవే నుంచి మైదానం దాకా వేయించాను. మీ తలుపు తట్టలేదు. తడితే మీ ఆయన ఉంటాడు, నేను ఏ భాషలో మాట్లాడాలో తేల్చుకోలేదు.

రోడ్డు పడిపోయింది. పైపులు కిందున్నాయి. ఎవరూ తీయలేరు.

పెద్దాయనకు తెలిసింది. నా మీద విచారణ వేయించాడు. అభియోగం విను, నవ్వు ఆపుకోలేవు. అన్న అధ్యక్షుడిగా ఉన్న కాలనీకి, అన్న కోరిక మీద, చెల్లెలు దొడ్డిదారిన కంపెనీ సొమ్ముతో మేలు చేసిందట. బంధుప్రీతి. ఆ బంధువు నాకు వ్యతిరేకంగా ఇదే గదికి వచ్చి గుడ్డు వేపాడని చెబితే, "అదంతా మీరిద్దరూ ఆడిన నాటకం కావచ్చు కదమ్మా" అంటున్నాడు.

నిజమని తేలితే ఉద్యోగం పోతుంది. ఇంత శ్రమపడి నన్ను ఓడించిన అన్నయ్యకు మేలు చేసిన నేరానికి.

ఆయనకు మాత్రం చెప్పకు. సంతోషించినా భరించలేను, సలహా ఇచ్చినా భరించలేను.

నీ మరదలు


కాలనీ

మరదలు పిల్లకు,

చెప్పను. మీ అన్నయ్యకు నేను ఒక్క మాట కూడా చెప్పనని ఒట్టు.

నువ్వు మా వీధిలోకి వచ్చి, మా ఇంటి ముందు నిలబడి, తలుపు తట్టకుండా వెళ్లావా? ఆ పైపుల గురించి మీ కంపెనీ ఏం తేలుస్తుందో నాకు తెలియదు కానీ, దీని మీద నేను వేయబోయే విచారణ వేరే ఉంది. దానికి సిద్ధంగా ఉండు.

భోజనం మానకు.

వదిన


నగరం, ప్లానింగు విభాగం
చలి మొదలయ్యాక

వదినా,

విచారణ అయిపోయింది. ఉద్యోగం ఉంది. కూర్చుని చదువు, పెద్ద ఉత్తరం.

ముగ్గురు అధికారులు కూర్చున్నారు. మధ్యలో ఆవిడ పెద్ద. ఒక పక్కన మా పెద్దాయన, పచ్చరంగు మ్యాపు చుట్టి చంకలో పెట్టుకుని. నేను చెప్పాల్సింది చెప్పాను. వాళ్లు నమ్మలేదు. "మీ అన్నగారికి ఇష్టం లేకపోతే, ఆయన కాలనీకే ఇంత తొందరపడి ఎందుకు వేశారు?" అని అడిగారు. మనుషులున్నారని వేశానన్నాను. ఆ జవాబు వాళ్ల కాగితంలో ఏ గడిలోనూ పట్టలేదు.

అప్పుడు తలుపు తెరుచుకుంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని అన్నయ్య.

"మీరెవరు?" అన్నారు ఆవిడ.

"ఈమె వల్ల లాభపడ్డాడని మీరంటున్న అన్నని నేనేనండీ."

ఈసారి నేను కుర్చీ లాగలేదు వదినా. సలహా ఇవ్వడానికే వచ్చాడనుకున్నాను.

"ఆ టవర్ నేనే ఆపించాను. ఈవిడకి వ్యతిరేకంగా ఇదే ఆఫీసుకి మనుషుల్ని వెంటేసుకొచ్చాను. కావాలంటే ఆ సారుని అడగండి, కాఫీ ఇప్పించారు" అన్నాడు.

"అది నాటకం కాదని ఎలా నమ్మమంటారు?" అన్నాడు మా పెద్దాయన.

అన్నయ్య చేతులు స్టీరింగు తిప్పడం మానేశాయి. ఒళ్లో పెట్టుకున్నాడు. నేను ఆయన వైపు చూడలేకపోయాను.

"ఆ పిట్ట గుడ్డు కథ నేనల్లిందేనండీ" అన్నాడు. "ఆ మైదానంలో నేను డ్రైవింగ్ నేర్పుకుంటాను. టవరొస్తే నాకు చోటు పోద్ది. నా చోటు పోద్దని చెబితే ఎవరు పట్టించుకుంటారు? పిల్లలకి ప్రమాదమంటే అందరూ నా వెనక నిలబడ్డారు. నిజంగా ప్రమాదమో కాదో నాకు తెలీదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు."

"మీ చెల్లెలికి మీ చోటు సంగతి తెలుసా?" అన్నారు ఆవిడ.

"తెలిసినా అక్కడే పెట్టేది. చిన్నప్పటి నుంచీ నా మాట వినదండీ."

ఆవిడ పెన్ను కింద పెట్టి నవ్వారు. అన్నయ్య నవ్వలేదు.

"పైపులేసినందుకు శిక్షేస్తే వేయండి, అది మీ ఇష్టం. నా కోసం వేసిందని మాత్రం రాయకండి. నేను మెట్లెక్కి ఫోన్ చేస్తే అవతల అమ్మాయి మాది పొలమంది. కింద మనిషి నేల మీద పడుంది. ఆ రోజు నాకు వినబడింది, మా చెల్లెలికి ముందే వినబడింది. అంతే తేడా."

ఆవిడ మ్యాపు అడిగారు. మా పెద్దాయన చంకలోంచి తీసి పరిచాడు. "ఇక్కడ మొత్తం పచ్చగా ఉందేంటి?" అన్నారు. ప్రింటరులో ఎర్ర రంగు అయిపోయిందన్నాడు. వదినా, ప్రమాణపూర్తిగా అదే అన్నాడు.

పైపులు సక్రమమేనని రాశారు. అడగకుండా వేసినందుకు నాకో హెచ్చరిక ఇచ్చారు. మైదానం ఫైలు తిరిగి తెరిచారు. ఆ కొత్త వెంచరు టవర్ మీకు మళ్లిస్తున్నారు.

బయటికొచ్చాక "టీ తాగుదువు రా అన్నయ్యా" అన్నాను. "బండి అడ్డంగా పెట్టొచ్చాను, తీయమంటారు" అని వెళ్లిపోయాడు. అడ్డంగా బండి పెట్టేవాణ్ణి తన స్కూల్లోంచి పంపించేసే మనిషి. క్షమించమని కానీ, పైపులు బాగున్నాయని కానీ ఒక్క మాట లేదు.

నువ్వు చెప్పావు కదూ. ఒట్టు వేసి మరీ.

నీ మరదలు


కాలనీ, మందుల షాపు
చలి తగ్గాక

మరదలు పిల్లకు,

నేను చెప్పలేదు. మీ అన్నయ్యకు చెప్పనని ఒట్టు వేశాను, ఆయనకు చెప్పలేదు. టైలరమ్మకు చెప్పాను. ఆమెను వారం వారం ఆసుపత్రికి కారులో తీసుకెళ్లేది ఎవరో నాకు ఆ నిమిషంలో గుర్తు రాలేదు. ఆమె కడుపులో మాట దాగదని కూడా గుర్తు రాలేదు. మందులమ్మే నాకే మతిమరుపు వస్తే ఎవరికి చెప్పుకోను.

టవర్ లేచింది. ఉన్నంతలో అందంగానే ఉంది. పైకి కనబడకుండా కట్టలేదేమని ఆ పెద్దావిడ ఒక్కతే చిన్నబుచ్చుకుంది. మొదటివారం జనం ఎక్కడ పడితే అక్కడ నిలబడి, అవసరం ఉన్నా లేకపోయినా ఫోన్లు చేసుకున్నారు. నా షాపులో కూర్చుంటే ఇప్పుడు ఎవరి సంగతీ తెలియడం లేదు. చీటీలు చదివి మందులివ్వాల్సి వస్తోంది. టైలరమ్మ కర్ర సాయంతో నడుస్తోంది. ఓడ రేవుకు చేరితే ఇంట్లో తలుపేసుకుని గంటలు గంటలు మాట్లాడుతోందట. ఏం మాట్లాడుతోందో తెలియక వీధంతా బెంగ పెట్టుకుంది.

మీ అన్నయ్య ఇప్పుడు అధ్యక్షుడు కాడు. గుడ్డు కథ తానల్లిందేనని ఇక్కడ మీటింగులో కూడా లేచి చెప్పాడు, ఎవరూ అడక్కుండానే. కొందరు ముందు తిట్టారు, తర్వాత నవ్వారు. తిట్టింది పర్లేదు కానీ నవ్వింది తట్టుకోలేకపోయాడు. బేకరీ ఆయన అధ్యక్షుడయ్యాడు. రెండో బేకరీ ఆయన అప్పుడే అసమ్మతి వర్గం పెట్టాడు. టవర్‌కీ దాని కంచెకీ కలిపి మైదానంలో సగం పోయింది. ఉన్న సగంలోనే తంటాలు పడి నేర్పుతున్నాడు. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు తగ్గారు, ఇల్లు కాస్త బిగించి నడుపుతున్నాను. దానికి నువ్వేమీ బాధపడకు. నువ్వు పెట్టాల్సిన చోటే పెట్టావు.

నువ్వు రాసిన విచారణ సంగతి ఆయన నాకు ఇప్పటిదాకా చెప్పలేదు. నాకు తెలుసని ఆయనకు తెలియదు. ఆ రోజు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, "నగరం వెళ్లి బండికి టైర్లు తెస్తా" అన్నాడు. టైర్ల కొట్టుకు ఇస్త్రీ చొక్కా ఎందుకని నేను అడగలేదు. చీకటి పడుతుండగా వచ్చాడు. బండిలో టైర్లు లేవు.

"దొరకలేదా?" అన్నాను.

"చూశాను. పాతవే ఇంకొన్నాళ్లు వస్తాయి."

"వస్తాయిలెండి" అన్నాను.

కాళ్లు కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు. సగం తిని, కంచంలోకి చూస్తూ, "అది బాగా చిక్కిపోయింది" అన్నాడు.

ఎవరని నేను అడగలేదు. ఈ ఆదివారం నువ్వు రా.

వదిన